సోషల్‌కి కూడా ఒక గది ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన హైస్కూళ్ళలో సాంఘిక శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక గది కావాలి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ ఉత్తరం. సైన్స్‌కి ల్యాబ్ ఉంది, కంప్యూటర్లకి గది ఉంది, కొన్ని బళ్ళలో అటల్ టింకరింగ్ ల్యాబ్ కూడా వచ్చింది. అన్నీ కావలసినవే, ఒక్కదానికీ నేను అడ్డం చెప్పను. పదో తరగతిలో వంద మార్కుల పేపరై, చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అని నాలుగు శాస్త్రాల్ని ఒక్కటే మోస్తున్న సోషల్‌కి మాత్రం సొంతంగా ఒక గోడ కూడా లేదు. నేను కోనసీమ బళ్ళలో సోషల్ చెప్పి రిటైరయినవాణ్ణి. సర్వీసంతా చంకలో మ్యాపుల చుట్ట, చేతిలో గ్లోబు పట్టుకుని ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి తిరగడంతోనే సరిపోయింది.

ఆ మ్యాపుల సంగతి కొంచెం చెప్పాలి. చాలా బళ్ళలో అవి హెడ్మాస్టారి గదిలో బీరువా వెనక నిలబెట్టి ఉంటాయి. విప్పితే కింది కర్ర ఊడి వస్తుంది. మడత దగ్గర గుడ్డ చిరిగి సరిగ్గా మనకి కావలసిన చోటే కనపడదు, మూలల్ని చెదలు తినేసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ మ్యాప్ అయితే ఇంకా ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా ఒక్కటే రాష్ట్రంగా ఉంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, అంటే ఆ పిల్లవాడు కూర్చున్న జిల్లాయే ఆ మ్యాపులో లేదు. సరే, ఉన్నదాన్నే తగిలిద్దామంటే మేకు ఉండదు. ఇద్దరు పిల్లల్ని చెరోవైపు పట్టుకుని నిలబడమంటాం, వాళ్ళకి పాఠం పోతుంది, వెనక బెంచీవాళ్ళకి మ్యాప్ కనపడదు. గంట కొట్టగానే మళ్ళీ చుట్టేయాలి, తర్వాత వచ్చే లెక్కల మాస్టారికి బోర్డు ఖాళీగా కావాలి మరి. ఇలా ఏడాదికి నాలుగైదుసార్లు తీసేసరికి ఏ టీచరైనా విసిగిపోయి, బోర్డు మీద చాక్‌పీసుతో ఇండియా బొమ్మ గీసి పాఠం కానిచ్చేస్తాడు. పిల్లలు పుస్తకంలోని ప్రశ్నలు జవాబులు బట్టీపట్టి పాసైపోతారు. ఈ దేశంలో సోషల్ అంటే బట్టీ సబ్జెక్టు అనే పేరు ఊరికే రాలేదు.

నేను గది అడుగుతున్నది మ్యాపులు తగిలించుకోడానికి మాత్రమే కాదు. ఈ సబ్జెక్టులో పిల్లలు చేసిన పని ఏడాదికేడాది పోగుపడాలి. పోగుపడితేనే అది పనికొస్తుంది. పోగుపడడానికి ఒక చోటు ఉండాలి. సైన్స్ ల్యాబ్‌లో ఈ ఏడు చేసిన ప్రయోగాన్ని వచ్చే ఏడు మళ్ళీ మొదటినుంచి చేసినా నష్టం లేదు, ఫలితం అదే వస్తుంది. ఊరి గురించి, ఏటి గురించి, ధరల గురించి పిల్లలు రాసింది అలా కాదు. ఈ ఏడు రాసింది పోతే అది మళ్ళీ దొరకదు.

గోదావరి వరదనే తీసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు లంకల్లో పాడి చేసుకునేవాళ్ళకి నోటికి వచ్చు, గేదెల్ని ఎప్పుడు ఏటిగట్టు మీదకి తోలాలో వీటినిబట్టే తేల్చుకుంటారు. కానీ ధవళేశ్వరంలో ఫలానా అడుగులున్నప్పుడు మన కాజ్‌వే మీదకి నీళ్ళొస్తాయా రావా, భద్రాచలం దగ్గర పెరిగిన నీరు మన రేవుకి ఎన్ని గంటల్లో దిగుతుంది, ఏ వీధి ముందు మునుగుతుంది, ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. అవి ఆ ఊరి బడి పిల్లలే ఏటా జులై, ఆగస్టుల్లో రాసిపెట్టుకోవలసిన లెక్కలు. పదేళ్ళు వరసగా రాస్తే అలాంటి పుస్తకం తాసిల్దారు ఆఫీసులో కూడా దొరకదు.

2022 జులై వరదప్పుడు మా బడిలో పిల్లలు ఈ పని చేశారు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వదిలారు. పిల్లలు టీవీలో, ఫోన్లలో వచ్చిన మట్టాలన్నీ గంటలవారీగా రాసుకున్నారు. బడి తెరిచాక ఒక చార్టు మీద ఎక్కించారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ళ ఇంటి గోడ మీద 1986 ఆగస్టు వరదకి తాతయ్య మేకుతో గీసిన గీత ఉందని చెప్పింది. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ, ఆయన టేపు పట్టుకుని ఇద్దరూ కొలిచారు. అరుగు మీదనుంచి నాలుగడుగుల రెండంగుళాలకి పాత గీత, దానికి చాలా కిందగా కొత్త తడి మరక. "మాస్టారండీ, మరి 86లో ఎంత వదిలారండీ?" అని మర్నాడు బళ్ళోకి వస్తూనే అడిగింది. 35 లక్షల క్యూసెక్కులు అని చెప్పాను. ఆ రెండు గీతల మధ్య ఎడం చూసిన పిల్లకి పది లక్షల క్యూసెక్కుల తేడా అంటే ఏమిటో ఇంక నేను విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. క్లాసంతా వాళ్ళ వాళ్ళ ఇళ్ళ గోడలు వెతకడం మొదలెట్టారు.

ఆ చార్టు ఇప్పుడు లేదు. వేసవిలో గదులకి సున్నం వేయించినప్పుడు గోడలమీదవన్నీ పీకేశారు, ఎవర్నీ అనడానికి లేదు, అది తరగతి గది, ప్రతి ఏడూ ఎవరో ఒక క్లాసు వస్తుంది, పోతుంది. మా డెల్టా బళ్ళకి ఇంకో సంగతి కూడా ఉంది. వరదొస్తే అవే పునరావాస కేంద్రాలు, ఎన్నికలొస్తే అవే పోలింగ్ బూత్‌లు. అలాంటి భవనంలో తాళం వేసుకునే గది ఒకటి ఉంటే తప్ప కాగితం అన్నది నిలవదు. ఆ గది మేడ మీద ఉంటే మరీ మంచిది.

ఈ గది ప్రతి జిల్లాలోనూ కావలసిందే, కానీ మన గోదావరి డెల్టాలో పాఠానికి పనికొచ్చే సరుకు గుమ్మంలోనే ఉంది. ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంది, దండలు వేస్తాం, దణ్ణం పెడతాం. 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట ఎలా పూర్తిచేశారు, అంతకుముందు ఈ నేల ఎలా కరువులకీ తుఫాన్లకీ చిక్కింది, ఆయన కింద పనిచేసిన మన వీణం వీరన్న ఎవరు, తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని కాలువలు ఎలా విడిపోతాయి, అక్కడ నీళ్ళు వదిలితే శివారు పొలానికి ఎందుకు ఆలస్యంగా వస్తాయి, ఇవన్నీ గోడ నిండా ఒక డెల్టా మ్యాప్ ఉంటే రెండు పీరియడ్ల పని. ధవళేశ్వరం దగ్గర మొదలై గౌతమి పాయ యానాం వైపు, వశిష్ఠ అంతర్వేది వైపు, మధ్యలో విడిపోయిన వైనతేయ, వాటి మీద పిల్లలు తమ ఊళ్ళూ, లాకులూ, అక్విడక్టులూ, రేవులూ గుర్తుపెట్టుకుంటూ పోతే ఆ మ్యాప్ ఏటికేడు నిండుతుంది. ఈ ఏడాది ఆరో తరగతి పెట్టిన గుర్తు మీద వచ్చే ఏడాది ఆరో తరగతి ఇంకోటి పెడుతుంది.

యానాం మనకి పక్కనే. అక్కడ పోలీసు టోపీ వేరు, ముఖ్యమంత్రి వేరు. ఎందుకు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి అది 1954లో మన దేశంలో కలిసిందని, అందుకే ఇవాళ్టికీ పుదుచ్చేరి కింద ఉందని చెబితే యూరప్ వర్తక కంపెనీల పాఠం అక్కడినుంచే మొదలెట్టవచ్చు. డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్ళు నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో బట్టల కోసం దిగారు. ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. ద్రాక్షారామం గుడి గోడలనిండా శాసనాలున్నాయి, దర్శనానికి వెళ్ళినవాళ్ళం ప్రదక్షిణం చేస్తూ వాటిని చేత్తో తడిమి వచ్చేస్తాం. 1923లో కాంగ్రెస్ మహాసభ జరిగింది కాకినాడలో. 1881 డిసెంబరు 11న కందుకూరి మొదటి వితంతు వివాహం చేయించింది రాజమండ్రిలో. వీటిని గది చుట్టూ ఒక తాడు కట్టి, మీటరుకి వందేళ్ళ లెక్కన చీటీలు వేలాడదీస్తే, ఆదుర్రు ఎక్కడ, కాటన్ ఎక్కడ, మనం ఎక్కడ అన్నది కంటికి తెలుస్తుంది. పిల్లలకి చరిత్రలో చిక్కల్లా ఏది ముందు ఏది వెనక అన్నదే, ఎంత దూరం అన్నదే. పుస్తకంలో బుద్ధుడికీ శ్రీకృష్ణదేవరాయలకీ మధ్య ఉన్నవి కొన్ని పేజీలే, తాడు మీదయితే ఆ చివర నుంచి ఈ చివరికి నడవాలి.

భూగోళానికి గది బయట ఒక కర్ర పాతితే చాలు. దేశం మొత్తానికి టైము చెప్పే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. అందుకని మన గడియారం పన్నెండుకీ, నీడ బాగా పొట్టిదయ్యే వేళకీ ఇక్కడ ఎడం కొద్ది నిమిషాలే, అది కూడా ఏడాది పొడవునా కాస్త అటూ ఇటూ అవుతూ ఉంటుంది. అదే గుజరాత్‌లో ద్వారకలో అయితే దాదాపు గంట. ఇంకో చిత్రం, కోనసీమలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకి నీడ లేకుండా పోతుంది. మే మొదటి వారంలో ఒకసారి, అప్పుడు బడి ఉండదు. రెండోది ఆగస్టు 6కి అటూ ఇటూగా, అప్పుడు బడి ఉంటుంది, మబ్బు లేకపోతే పిల్లలు చూడవచ్చు. అక్షాంశాలు, కర్కట రేఖ అని బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా ఎక్కని పాఠం ఆ మధ్యాహ్నం ఎక్కుతుంది.

అర్థశాస్త్రం సంగతి చెప్పనక్కర్లేదు. మా క్లాసులో ఒకసారి ప్రపంచ పటం పరిచి, మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా దేశం బయట ఉంటే అక్కడ గుండుసూది గుచ్చండి అన్నాను. కువైట్, మస్కట్, దోహా, దుబాయ్, సూదులు గుచ్చడానికి అక్కడ చోటు చాలలేదు. ఎక్కువమంది చెప్పింది అమ్మ పేరు, లేకపోతే పిన్ని పేరు. అమ్మ నెలకి పంపే డబ్బులు దినార్లలోంచి రూపాయల్లోకి ఎలా మారతాయో ఏడో తరగతి పిల్లవాడికి నాకంటే బాగా తెలుసు, మార్పిడి రేటు రోజూ ఫోన్‌లో చూస్తాడు. ఆ పిల్లవాడు బట్టీ పట్టే విద్యార్థి కాదు, ఆ విషయంలో మనకి చెప్పగలిగినవాడు. అలాగే భీమవరం వైపు పిల్లలకి రొయ్య కౌంటు ధర, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చూసి కట్టే ధర, తెలుసు, 2025లో అమెరికా సుంకాలు పెంచగానే చెరువుగట్టు మీద ధర ఎందుకు పడిపోయిందో ఇంట్లో విన్నారు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌లో నాట్లు వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు, ఇప్పటి పిల్లల నాన్నలే అందులో ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట రెండు నెలలకి పైగా ఆరకుండా మండింది, ఆ వెలుతురుకి రాత్రుళ్ళు నిద్ర పట్టలేదని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళని ఒక పూట బడికి పిలిచి కూర్చోబెట్టి, చెప్పింది పిల్లల చేత రాయించి, ఆ కాగితాలు ఫైల్లో పెట్టే చోటు ఉండాలి. 1996 నవంబరు తుఫాను రాత్రి గురించి చెప్పగలిగిన పెద్దవాళ్ళు తగ్గిపోతున్నారు. ఈ తొందర నాకు నిజంగా ఉంది.

పౌరశాస్త్రానికి గదిలో బెంచీలు వరసగా కాకుండా చుట్టూ వేసుకోగలిగితే సగం పని అయినట్టే. పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందని రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి మన పంచాయతీకి ఇంటిపన్ను ఎంత వచ్చింది, డ్రైనేజీకి ఎంత పోయింది అని అడిగితే తెలియదు. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు కాగితాలు తెచ్చి గదిలో అతికించండి, క్లాసులో గ్రామసభ పెట్టండి, తీర్మానం రాయించండి. మూడు నాలుగేళ్ళలో వాళ్ళు ఓటర్లు.

ఇప్పుడు అడిగేవాళ్ళు అడుగుతారు. బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకంలో పెద్ద టీవీల్లాంటి ప్యానెళ్ళు పెట్టారు కదా, అందులో ప్రపంచమంతా కనపడుతుంది కదా అని. కనపడుతుంది, నేను వాడాను, అగ్నిపర్వతం ఎలా పేలుతుందో చూపించడానికి అంతకు మించింది లేదు. కానీ స్విచ్ ఆపితే పోయే బొమ్మ వేరు, రోజూ వస్తూపోతూ కళ్ళపడే మ్యాప్ వేరు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఊరికే గోడ దగ్గర నిలబడి మన ఊరు ఎక్కడ, అమ్మమ్మగారి ఊరు ఎక్కడ అని వేలు పెట్టి వెతుక్కునే పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పైగా పిల్లలు చేసింది ప్యానెల్‌లో ఉండదు, వేరేవాళ్ళు చేసిందే ఉంటుంది.

గదులు ఎక్కడున్నాయి అన్నది న్యాయమైన ప్రశ్న. కొన్ని బళ్ళలో నిజంగానే లేవు, వరండాలో క్లాసులు జరిగే చోట నేను గది అడగను, అక్కడ ఒక గోడ, ఒక బీరువా ఇస్తే మొదలుపెట్టవచ్చు. కానీ పిల్లలు తగ్గి ఒకటి రెండు గదుల్లో విరిగిన బెంచీలు పడేసి తాళం వేసిన బళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఇంకో దారి కూడా ఉంది, టీచరు క్లాసులకి తిరిగే బదులు సోషల్ పీరియడ్‌కి పిల్లలే ఆ గదికి రావడం. సైన్స్ ల్యాబ్‌కి వస్తున్నారు కదా. టైమ్ టేబుల్ వేసేటప్పుడు రెండు సెక్షన్లు ఒకేసారి పడకుండా చూసుకుంటే చాలు, హెడ్మాస్టారు మనసు పెడితే ఒక సాయంత్రం పని.

డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. సమగ్ర శిక్షా కింద బడికి ఏటా వచ్చే స్కూల్ గ్రాంటులో కొంత దీనికి వాడుకోవచ్చని పైనుంచి ఒక్క ఉత్తర్వు వస్తే హెడ్మాస్టార్లకి ఆడిట్ భయం ఉండదు. కొత్త జిల్లాలతో రాష్ట్రం మ్యాప్, సర్వే ఆఫ్ ఇండియా వారి మన ప్రాంతపు మ్యాపులు, మంచి గ్లోబులు నాలుగు, గోడనిండా డెల్టా మ్యాప్, దాన్ని ఊళ్ళో బోర్డులు రాసే ఆర్టిస్టు చేత వేయించుకోవచ్చు. తేమకి పాడవకుండా కాగితాలు లామినేషన్ చేయించాలి, బీరువా నేలకి ఎత్తుగా ఉండాలి. మన డెల్టా ఊళ్ళకి దాతలు కొత్త కాదు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు బడికి గేటు కట్టిస్తారు, వేదిక కట్టిస్తారు, మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తారు. ఈసారి ఊరొచ్చినప్పుడు వాళ్ళని ఈ గది అడగండి. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో ఎజెండాలో ఇది ఒక అంశంగా పెట్టించండి.

నాకు భయమల్లా ఒక్కటే. పైనుంచి ఆర్డరు వచ్చి, రాష్ట్రమంతా ఒకే రకం ఫ్లెక్సీలు అచ్చేసి అన్ని బళ్ళకీ పంచి, రిబ్బను కత్తిరించి ఫోటో తీసి, తర్వాత తాళం వేయడం. అలా అయితే వద్దు. గదిలో సగం గోడ ఖాళీగా ఇవ్వాలి, అది ఆ ఊరి పిల్లలు నింపుకోడానికి. రాజోలు గదీ, ఆకివీడు గదీ, తాళ్ళరేవు గదీ ఒకేలా ఉన్నాయంటే ఆ పని సరిగ్గా జరగనట్టే. సోషల్ టీచర్‌కి ఆ గది తాళం, ఏడాదికి కొంచెం సొమ్ము, ఇంత స్వేచ్ఛ ఇస్తే చాలు. బదిలీ అయినప్పుడు రిజిస్టర్లు, మ్యాపులు, ఫైళ్ళు చార్జిలో రాసి తర్వాత వచ్చినవాళ్ళకి అప్పగించాలి. సైన్స్ ల్యాబ్ సామాను అలాగే అప్పగిస్తాం.

జిల్లా విద్యాశాఖాధికారులు ఈ ఉత్తరం చూస్తే, ముందు మండలానికి ఒక్క హైస్కూల్లో మొదలుపెట్టించమని నా మనవి. జూన్‌లో బళ్ళు తెరిచేలోపు గది సిద్ధమైతే, జులైలో ఏరు పొంగేసరికి పిల్లలు మొదటి రిజిస్టరు తెరవవచ్చు. మా చుట్టుపక్కల ఏ బడి ముందుకొచ్చినా నా దగ్గరున్న మ్యాపులు, ఇన్నేళ్ళుగా కత్తిరించి పెట్టుకున్న మీ పేపరు కటింగులు, 1986 వరద ఫోటోలు తెచ్చి ఇస్తాను, ఆ డెల్టా మ్యాప్ గోడ మీదకి ఎక్కేదాకా పిల్లలతోపాటు కూర్చుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
కోనసీమ